దిమ్మెలలోకమునకు నల్లకుండ తొడుగు

వైశాఖమాసమున సూర్యుడు నడిమింటికి రాకమున్నే నిప్పులు చెఱుగుచుండ కాలువ చిక్కి మోకాటిలోతునకు దిగిపోయి ఒడ్డునందలి తుంగయంతయు ఎండి గలగలలాడుచుండ ఆ ఒడ్డు మొదలుకొని పెడనపట్టణపు తూర్పువాడ యరుగులవఱకు ఆఱవేసిన అద్దకపుగుడ్డలు ఎఱ్ఱని పూవులతోడను నల్లని తీగలతోడను భూదేవికి చీరె గట్టినట్లు శోభిల్లుచుండెను. త్రోవవెంట పోవువారి కది కన్నులపండువే. నాలుగడుగులు దగ్గఱకు వచ్చినవారికి మాత్రము కంటికన్న ముందుగా ముక్కు మేలుకొనును. పేడనీట నానిన ముతకగుడ్డల కంపును రంగునకై మొక్కలవేళ్లు కాచెడు ఎఱ్ఱకాగుల యావిరియు వీని నన్నిటిని తలదన్ని తుప్పుపట్టిన యినుపముక్కలు బెల్లపునీట మూడువారములు క్రుళ్లి పులిసి బుసబుస పొంగెడు నల్లరంగుకుండల దుర్గంధమును ఏకమై ఆ వాడవారి వంటలోను వస్త్రములోను నిద్రలోను గూడ చొరబడి కూర్చుండును. అచ్చట బుట్టినవారికి అది గాలి. మెట్టి వచ్చినవారికి శిక్ష.

అట్లు మెట్టి వచ్చినదే నాంచారమ్మ. మల్లెతోటలు పెంచువారి యింట బుట్టి పూలబుట్టల నడుమ పెరిగి ఏడవతరగతి చదివి అద్దకపుపనివాడగు వీరాంజనేయులును పెండ్లియాడి అత్తవారి గడప ద్రొక్కిన పూటనే పెరటి రంగులపాకనుండి వీచిన గాలికి తాళజాలక పెండ్లిచీరెమీదనే వమనము చేసికొన్న యిల్లాలామె. నాటినుండి పదియేనేండ్లలో ఒక్కనాడును ఆ పాక గడప దాటి యెఱుగదు. భర్తకు అన్నపుగిన్నె గడపకు ఇవతలనే పెట్టి ముక్కు మూసికొని తిరిగి వచ్చును. పెండ్లియైన క్రొత్తలో దూరమునుండి ఒక్కమాఱు కన్నులబడిన కుండపై తెట్టెయు అందు చచ్చి తేలెడు ఈగలును నేటికిని ఆమె కలలలోనికి వచ్చుచుండును. తన కడుపున బుట్టిన తన్మయి మాత్రము ఆ కుండచాయలకు పోరాదనియు ఆ పిల్ల గోళ్లసందున ఆ నలుపు చేరరాదనియు పురిటిమంచముమీదనే ఆమె యొట్టు పెట్టుకొనెను.

భయమన్నది ఆమెకు ఊపిరితోడి జబ్బు. కుక్క మొఱిగెనా అది పిచ్చిదే యనుకొనును. పిల్ల తుమ్మెనా ఆసుపత్రికి పోవు ఆటో తలపునకు వచ్చును. అందుచేత వేసవిసెలవులు రాగానే పదుమూడేండ్ల తన్మయి ఆడుకొనుటకై ఎచ్చట పెరటికి పోవునో యని వెఱచి ఆమెయే తన ఫోనును పిల్లచేతి కిచ్చి ముందుగదిలో ఫ్యానుక్రింద కూర్చుండబెట్టెను. ఆ ఫోనులో నొక యాట గలదు. నలుపలకల దిమ్మెలను త్రవ్వుటయు పేర్చుటయు వానితో ఇండ్లును కొండలును గట్టుటయు తప్ప అందు వేఱుపని లేదు. పచ్చని గడ్డిదిమ్మెలు. నీలినీటి దిమ్మెలు. పెట్టెవంటి మొగములుగల ఆవులు. చూచి చూచి నాంచారమ్మ ఇందు చెడుగేమియు లేదు కంపు అంతకన్న లేదు అని ఊఱడిల్లెను.

ఒకనాటి యుదయమున తన్మయి ఫోనును ఒళ్లో బెట్టుకొని పెదవి కొఱుకుచు దానిలోనికి ఏదియో యెక్కించుచుండుట చూచి ఆ తల్లి చేతిపని విడిచి దగ్గఱకు వచ్చెను.

“ఏంటే ఎక్కిస్తన్నావు దాంట్లోకి?”

“టెక్స్చర్ ప్యాకమ్మా. ఆటకి కొత్త తొడుగు. లోపల రాయి రాయే, మట్టి మట్టే. పైన బొమ్మ మారిద్ది అంతే, చీర మార్చినట్టు.”

“ఎవడు చేశాడో ఏంటో. అట్టాంటియ్యి ఎక్కిస్తే ఫోన్లోకి దొంగలు దూరతారంట.”

“దూరి ఏం పట్టుకుపోతారమ్మా, నువ్వు దాచుకున్న గుడ్ మార్నింగ్ బొమ్మలా?”

ఆ యెక్కించుట తలచినంత సులువు గాదు. ఒక్కొక్క దిమ్మెకు ఒక్కొక్క చిన్నిచిత్తరువు వలయును. వాని నన్నిటిని ఒక్క మూటగా గట్టి ఆ యాట చెప్పిన పేరులే పెట్టి అది చూపిన యరలోనే జొనుపవలయును. పేరున ఒక్క యక్షరము తప్పెనా ఆ దిమ్మె ఊదాయు నలుపును గలసిన గళ్లగుడ్డయై వెక్కిరించును. మూడుదినములు తన్మయి ఎక్కించుటయు తీసివేయుటయు మరల నెక్కించుటయునై తల్లి ముద్ద కలిపి నోటికందించిన గాని తిననిదయ్యెను. నాల్గవనాటి యుదయమున “వచ్చేసింది!” అని కేకవేసి ఫోనును ఛార్జింగునకు దగిలించి ఎప్పటివలె హిందీ ట్యూషనుకు పోవుచున్నానని చెప్పి చెప్పులు వేసికొని వెడలిపోయెను.

ఛార్జింగునం దున్న ఫోను పేలునని నాంచారమ్మ నమ్మకము. కొంతతడవైన పిమ్మట తీగ ఊడబెఱుకుటకై పోయి దానిని చేతబట్టగా తెర వెలిగి దిమ్మెలలోకము కన్నులయెదుట నిలిచెను. పచ్చనిగడ్డి యుండవలసినచోట నేలయంతయు ముడుతలుపడిన నల్లని తెట్టె. ఆ తెట్టెపై చీముపొక్కులవలె బుడగలు. బుడగల నడుమ ఱెక్కలు విచ్చి చచ్చిన యీగ. ఒక్కచోట గాదు. దిమ్మెదిమ్మెకును అదే యీగ అదే భంగిలో అదే కాలు పైకెత్తి కనుచూపుమేర బారులుదీరి పడియుండెను. ఇండ్లగోడలు పేడ కారి యెండిన పసరుచారలు. నీలినీరు పోయి ఏటినిండ నాలుగునాళ్ల నెత్తురువంటి ముదురెఱుపు. గుమ్మములపై శుభమునకై వ్రాయు శ్రీకారము గలదు గాని అది అద్దమున జూచినట్లు కుడియెడమలు తాఱుమాఱై యుండెను. దానిచుట్టు అల్లుకొన్న తీగయు అపసవ్యముగానే తిరుగుచుండెను.

“దీన్ని చేసిన చేతులు పడిపోను! కడుపున పుట్టినోళ్ళు లేరా వాడికి?” అని ఆ ఫోనును మంచముమీదికి విసరి పెరటితూముకడకు పరుగెత్తి ఉదయమున ద్రాగిన కాఫీతోడ సర్వమును వెళ్లగ్రక్కెను.

ఆ సమయముననే కాలువనుండి తడిగుడ్డలమూటతో వచ్చుచున్న భర్తృసోదరి తులశమ్మ ఆమెను జూచి నిలిచెను.

“ఏం మరదలా, ఈ వయసులో మళ్ళీ నెల తప్పిందా?”

“ఊరుకోండి వదినా. ఇటొచ్చి ఇది చూడండి ముందు. పిల్లకి ఎవడో ఎట్టాంటిది అంటగట్టాడో.”

తులశమ్మ తడిచేతులు చీరెకు దుడుచుకొని ఫోనును మూరెడుదూరమున బట్టి కన్నులు చికిలించెను.

“కళ్ళజోడు లేకుండా నాకేం కనబడిద్ది? నల్లగా ఏదో ఉంది. శ్రీ మాత్రం తిరగబడి ఉందే. తిరగేసి చేసేవన్నీ పోయినోళ్ళకే కదంటే?” అని ఊరకుండక “అయినా పూలబుట్టలో పుట్టినదానివి. నీకు గాలి తగిలినా కంపే” అని నవ్వుచు మూట నెత్తికెత్తుకొని తన దారిని బోయెను.

నవ్వినమాట యామె చెవికెక్కలేదు. పోయినవారిమాట యెక్కెను. పిల్లకు ఏమి మూడునో, ఏ దుర్మార్గుడు ఏ యూరనుండి ఈ యశుద్ధమును పంపి పసిమనస్సును క్రుళ్లబెట్టుచున్నాడో, పదిదినములలో పిల్ల అన్నము మానునో మాట మానునో మతియే చెడునో యని ఒకదానిపై నొకటి దుస్స్వప్నములు పేర్చుకొని తుదకు అటకపెట్టెలోని యొక కాగితమును దీసెను. పొరుగుపట్టణపు వసతిపాఠశాలలో పిల్లను జేర్చుటకైన దరఖాస్తు అది. వారముక్రింద ఆ పాఠశాలవా డొకడు ఇల్లిల్లు దిరిగి యిచ్చిపోయి ఆనాడే సాయంకాలము నాలుగుగంటలకు వచ్చి తీసికొందునని చెప్పియుండెను. హాస్టలుసాంబారులో బల్లి పడునేమో యను భయమున ఆమె యింతవఱకు దానిని ముట్టలేదు. ఇప్పుడు ఆ బల్లియే మేలనిపించెను. అచ్చట ఫోనులు ముట్టనీయరు. కుండలును లేవు. ఆ కాగిత మతనిచేత బడెనా జ్యేష్ఠము రాకమున్నే పిల్ల యిల్లు విడువవలయును. తన కది ప్రాణము తీసినట్లే యగునని తెలిసియు ఏడవతరగతి నాటి దస్తూరితో గడులన్నియు బూరించి తండ్రి సంతకమునకై ఒక్క గడి మాత్రము మిగిల్చెను.

మధ్యాహ్నము అన్నపుగిన్నెతోడను కాగితముతోడను ఫోనుతోడను పాకగడపకు వచ్చి కొంగు ముక్కున కడ్డము పెట్టుకొని పిలువగా వీరాంజనేయులు రంగుచేతులు పంచెకు దుడుచుకొనుచు వచ్చెను. ఆమె జరిగినదంతయు ఏకరువు పెట్టి ఫోనును అతని మొగముకడ నిలిపెను. అతని కనుబొమలు మొదట ముడివడెను. పిదప మీసముక్రింద నవ్వు కదలెను.

“ఇది తొమ్మిదోరోజు కుండే.”

“ఏంటండీ మీరనేది?”

“పడమటిమూలది, మన కుండే. చూడు తెట్టె ఇంకా పల్చగా ఉంది, పండలా. ఈగ కూడా మనదే. ఈ గోడేమో పేడలో తేల్చిన ముతక. ఈ నీళ్ళు ఎర్రకాగు. ఎంత బాగా తీసిందే పిల్ల! శ్రీ ఒక్కటే చెడగొట్టింది. గుడ్డ మీద పడ్డదాన్ని ఫొటో తియ్యాలి గానీ అచ్చు మొహాన్నే తీస్తే తిరగబడదూ?”

టేకుచెక్కపై అచ్చు చెక్కువాడు బొమ్మను వెనుకకే చెక్కును. అద్దినపుడు గుడ్డమీద అది సరియై నిలుచును. అద్దకమువారి యింట పసిపిల్లకైన దెలిసిన యీ మాట ఆ పాక గడప దాటని యామెకు మాత్రము తోచలేదు. ఏ చేతులు పడిపోవలయునని తాను శపించెనో ఆ చేతులు ఎవరివో బోధపడి నాంచారమ్మ రెండుచెంపలును వాయించుకొని మూడుమాఱులు నేలనుమిసెను. పిల్ల ఏ పొరుగుదేశపు మురికిలోనో మునిగినదని వాంతి చేసికొనెను గాని ఆ మురికి తన పెరటిదే. ఫోను చేతికిచ్చి ముందుగదిలో కూర్చుండబెట్టిన పిల్ల ఆ ఫోనుత్రోవనే పాకలోనికి నడచెను.

“అది లోపలికెప్పుడొచ్చిందండీ? హిందీకి పోయిందిగా!”

“హిందీయా?” అని అతడు తల గోకికొనెను. “నువ్వు చెప్పే పంపిస్తన్నావనుకున్నానే. పది రోజుల్నించీ వస్తంది, మొన్నటిదాకా ఫోన్ కూడా తెచ్చింది. ఇప్పుడు కూడా కుండకాడే ఉంది. తెట్టె తీస్తానంది.”

ఆమె గడప దాటెను. దాటితినని యామెకే తెలియదు. లోపలి వేడిమియు చీకటియు ముక్కుపుటములనుండి మెదడువఱకు గ్రుచ్చుకొనెడు పులుపువాసనయు ఒక్కమాఱుగా మీదబడగా గొంతులోని కెగదట్టిన దానిని మ్రింగుకొనుచు పడమటిమూలకు బోయి చూడ తన్మయి మోకాళ్లపై గూర్చుండి మోచేతివఱకు చేయి కుండలో ముంచి తెట్టెను దోసిటితో ఎత్తి చిప్పలో వేయుచుండెను. ఆ తెట్టె వ్రేళ్లసందులనుండి చీమిడివలె సాగి జాఱుచుండెను.

“అమ్మా! గడప దాటావేంటి!”

“ముందు చెయ్యి బైటికి తియ్యవే.”

“ఉండమ్మా, ఇంకా సగముంది.”

“కంపు కొట్టట్లేదంటే నీకు?”

“కొడతంది. నీ ఎండుచేపల కూర మాత్రం కొట్టదా? తినట్లేదా ఏంటి?”

“అది తిండే! ఇది చూసి అసహ్యం కూడా వెయ్యట్లా? నేను ఫోన్లో బొమ్మ చూసే కక్కుకున్నాను ఇందాక!”

తన్మయి చేయి కుండలోననే యాగెను. ఆ పిల్లమొగము దీపము పెట్టినట్లు వెలిగెను. “నిజంగా కక్కావా? బొమ్మ చూసే? అయితే భలే వచ్చిందన్నమాట!”

మఱియొక్క మాటకు తాళలేక నాంచారమ్మ పిల్ల ముంజేతిని గట్టిగా బట్టి పైకి లాగెను. లాగినంతనే వింతయైన దొకటి జరిగెను. కుండలోని నీరు మడ్డిటీవలె పలుచని గోధుమవన్నెదే. కాని యామె పట్టినచోట అది చూచుచుండగనే కాటుకయై విరిసెను. పిల్ల ముంజేతిమీద తల్లి యైదువ్రేళ్లును అచ్చు అద్దినట్లు దిగెను. వదలి చూచుకొన్న తన యఱచేయి మసిబొగ్గువలె నల్లనై గీతగీతయు తేఱి కానవచ్చెను. ఆ యుదయమంతయు ఆమె ముందరియరుగుమీద కరక్కాయనీట ముంచి యెండబెట్టిన గుడ్డలు మడిచియుండెను. ఆ యింటిపనిలో కంపులేని పని యదియొక్కటే యని ఆమె పూనుకొన్నది. వీరాంజనేయులు వెనుకనుండి మెల్లగా ననెను.

“నలుపు కుండలో ఉండదే. కరక్కాయ తగిల్తేనే పుట్టిద్ది. సగం దీంట్లో ఉంటది, సగం నీ చేతిలో ఉంది.”

ఆ మాట విని ఆమె చేయి విదలించుకొనెను. బావికడకు బోయి చింతపండుతో రుద్దెను. కుంకుళ్లతో రుద్దెను. ఇటుకపొడితో చర్మము కందునట్లు రుద్దెను. నలుపు కదలలేదు. ముక్కుకడకు దెచ్చుకొన్నయెడల కంపును వదలలేదు. ఆ చేతితో ముద్ద కలుపలేక ఆ పూట అన్నము మానెను. పిల్ల తన్ను చూచి జాలిపడుటకు మాఱు చేతిగుర్తులను త్రిప్పి త్రిప్పి చూచుకొని మురియుచుండుటయే ఆమెకు అన్నిటికన్న రోత పుట్టించెను. రోత యెఱుగని పిల్ల ఈ పాకలోననే పుట్టి ఈ పాకలోననే ముసలిదగును. కావున కాగితము మఱింత యవసరమని నిశ్చయించి భర్తయెదుట బెట్టెను. అతడు కలము దీసికొని “నీ ఇష్టం. నీకు దాన్ని చూడకుండా నిద్ర పట్టిద్దంటే సరే” అని సంతకము చేసి పాకలోనికి బోయెను. తన్మయి ఆ మాట వినెను. చేతిగుర్తులను చూచుకొనుట మాని గోడవైపు దిరిగి కూర్చుండెను.

నాలుగుగంటలకు పాఠశాలవాడు వచ్చెను. ఇస్త్రీచొక్కాయు మెడలో గుర్తింపుకార్డును గల యా మనుష్యుడు వాకిటికంబముకడనే నిలిచి జేబురుమాలు దీసి ముక్కునకు మూసికొనెను.

“ఎట్టా ఉంటన్నారమ్మా ఈ కంపులో? రోజూ ఇంతేనా?” అని కాగితమునకై చేయి చాచి ఆమె యఱచేయి చూచి వెనుకకు దీసికొనెను. “చేతికేంటమ్మా అది? ఏదన్నా రోగమా?”

“రంగండీ. అద్దకం రంగు.”

అతడు అరుగుమీద నున్న పిల్లను, ఆ ముంజేతిమీది గుర్తులను చూచి పెదవి విఱిచెను. “పాపక్కూడానా? ఏమనుకోకండమ్మా. మా దగ్గరికి అందరూ నీటుగా ఉండే ఇళ్ళనుంచి వస్తారు. పక్కమంచం పిల్లలు ఊరుకోరు. ఓ పది రోజులు బాగా రుద్ది రుద్ది, ఆ వాసన పోయాకే తీసుకురండి” అని కాగితపు మూలను రెండు గోళ్లతో, చచ్చిన యెలుకతోక బట్టినట్లు, పట్టుకొనెను.

ఆ గోళ్లను, ఆ రుమాలును, ఆ మడత బడిన ముక్కును నాంచారమ్మ చూచెను. పదియేనేండ్లుగా ప్రతిదినమును పాకగడపకడ అన్నపుగిన్నె దించుచు తాను పెట్టెడు మొగమే యది. ఆ మొగమును వీరాంజనేయులు పదియేనేండ్లు చూచి యొక్కమాటయు ననలేదు. అట్టి మొగములు నూఱు, ప్రక్కమంచముననొకటి, భోజనపుబల్లకడ నొకటి, తన పిల్లను జూచుచుండునని తలపునకు రాగా ఆమెకు బల్లియు సాంబారును గుర్తుకు రాలేదు. అతని గోళ్లనుండి కాగితమును లాగికొనెను.

“మా అమ్మాయి రాదండి.”

“అదేంటమ్మా? ఫామంతా రాశారుగా.”

“రాశానండి. తప్పు రాశాను. మీరెళ్ళండి, ఇక్కడ గాలి మీకు పడదు.”

అతడు గొణుగుకొనుచు బోయెను. తన్మయి తలయెత్తి మెల్లగా నడిగెను.

“పంపవా?”

“నోరు ముయ్యి. వెళ్ళి చెయ్యి కడుక్కో.”

“పోదు కదమ్మా.”

“పోకపోయినా కడుక్కో.”

ఇంతటితో ఆ యిల్లాలి రోత తీఱినదని చదువరులు తలంపవలదు. మఱునాడును ఆమె పాకగడపకడ కొంగు ముక్కున కడ్డము పెట్టుకొనెను. రోత యనునది ప్రేమ వచ్చి తుడిచినంతమాత్రమున పోవునది గాదు. రెండును ఒక్కయింటిలో ఎడమొగము పెడమొగముగా కాపురము చేయుచుండును.

అయినను ఆ మఱునాటి యుదయమున తన్మయి ఫోను చేతబట్టి ఎదుట నిలిచి “అమ్మా, చెయ్యి చాపు. కదలకు. ఛీ అనకు, చెయ్యి వణికిద్ది” అనగా ఎందులకో తెలియకయే ఆమె చాపెను. పిల్ల ఆ నల్లని యఱచేతిని ఛాయాచిత్రము దీసి నలుపలకగా గోసి ఒక దిమ్మెకు దొడిగెను. మొదట గీతలు అంచుకడ తెగి ఒకదానికొకటి అందలేదు. వీరాంజనేయులు అచ్చు నొకదానిని దెచ్చి దాని కుడియంచున ఆగిన తీగను ఎడమయంచు ఎట్లు అందుకొనునో వ్రేలితో చూపెను. నాలుగుమాఱులు తీసి నాలుగుమాఱు లెక్కించి ఐదవమాఱు తన్మయి ఫోనును తల్లి కందించెను.

దిమ్మెలలోకమున ఒక మహాపర్వతము నిలిచియుండెను. దాని శిలలన్నియు ఆమె యఱచేతిచర్మమే. ఆయుష్షుగీత యొక దిమ్మెనుండి మఱియొక దిమ్మెకు కాలువవలె సాగి శిఖరమువఱకు బోయి ఆవలి చరియకు దిగెను. చిటికెనవ్రేలికడ చిన్ననాడు పూలు కుట్టు సూది దిగబడిన మచ్చయు వేలకువేలుగా నక్షత్రములవలె ఆ కొండనిండ పొడుచుకొని వచ్చెను.

“ఛీ! నా చేతిమీద నడుస్తావంటే? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?”

“మన ఫోన్లోనేగా అమ్మా, ఎవరు చూస్తారు? అతుకు ఎక్కడన్నా కనబడతందేమో చూడు. నువ్వైతే తప్పు పట్టకుండా వదలవుగా.”

నాంచారమ్మ మొగము చిట్లించుకొనియే ఆ ఫోనును ముక్కునకు దూరముగా బట్టుకొని, ఎచ్చటనో యొకచోట ఒక్క గీతయైన తెగియుండకపోదని, ఒక్కొక్క శిలను వెదకుచు కొండ యెక్కసాగెను. ఆవగింజంత మురికిని ఆమడదూరమున బసిగట్టు ముక్కుగల ఆ యిల్లాలికి వంటింట అన్నము అడుగంటి మాడి పొగ ముందుగదికి వచ్చిన సంగతి ఆనాడు తెలియలేదు.